మలయా ప్లీడరు

రబ్బరు తోటలో పుట్టి
తండ్రి చెయ్యి పట్టుకుని కాకినాడ రేవులో దిగినవాడు కనక
అమలాపురం కోర్టులో
గుబ్బల రాఘవులుగారు మలయా ప్లీడరు.

మొదటి కేసుకి ఫీజు ఒక చక్కరకేళీ గెల.
శివారు చేలకి కాలువ నీరందట్లేదని దావా.
ఆయన చెబుతుంటే చింతచెట్టు కింద నేనే టైపు కొట్టాను:
"మొదట్లో మునక, చివర్లో దాహం, దొరా..."
"ఆ దొరా కొట్టెయ్, తాతాజీ.
తోటలో మా అమ్మ అన్నన్నిసార్లు చాలు."
వరసగా గుణకారం గుర్తులు వేశాను.

తరవాత జెండాలు, జీపులు,
ఈ ప్రాంతం పేరు మీదే ఒక పార్టీ.
ఓసారి ఓడాడు, రెండుసార్లు గెలిచాడు.
నల్లకోటు నా సొరుగులో పెట్టి
"ఉంచు, మళ్ళీ వస్తా" అన్నాడు.
నీటిపారుదల ఆయనకే ఇచ్చారని తెలిసిన రాత్రి
శివారు ఊళ్ళో మతాబులు కాల్చారు.

ఏడేళ్ళు.
నిన్న ఆ ఊరివాళ్ళే వచ్చారు, అర్జీ కావాలని.
పాత కార్బను కాపీ దులిపాను.
తేదీ మార్చాను.
మున్సిఫుగారి చోట మంత్రిగారు.
ఇంకేం మార్చాల్సిన పని పడలేదు.

ముసలి రైతొకడు వంగి చూసి
"ఇక్కడ దొరా అని పడాలి కదండీ" అన్నాడు.

నా వేళ్ళు కాసేపు ఆగాయి.
పాత గుర్తులే మళ్ళీ కొట్టాను,
గట్టిగా, కాయితం చిల్లు పడేలా.