ఎర్ర కడ్డీ

తాళంచెవి ఎర్మీనియోతోనే పోయింది.
కోటు జేబులో ఉండిపోయిందని
పూడ్చి వచ్చాక తట్టింది.

నేపుల్స్‌లో మా ఇరుకు సందు.
స్టీరింగుకి ఎర్ర కడ్డీతో
నలభై రోజులుగా కదలని ఫియట్,
అద్దం నిండా పావురాల రెట్టలు.

సబాటీనో వచ్చాడు,
ఒకప్పుడు దొంగ, ఇప్పుడు తాళాల పని.
కాఫీ పొంగేలోగా
కడ్డీ ఊడి వాడి ఒళ్ళో ఉంది.

ఇంతేనా!
పంతొమ్మిదేళ్ళు టక్కుమని బిగించి
రెండుసార్లు లాగి చూస్తేగాని
నిద్రపట్టేది కాదే ఆయనకి!

"పనిచేసింది కదమ్మా," అన్నాడు
చేతులు తుడుచుకుంటూ.
"ఇది కనబడితే
మేం పక్క కారుకి పోయేవాళ్ళం."

పక్క కారు ఫిలొమేనాది.
మూడు పోయాయి.
మూడోది పోయిన రాత్రి
సూపు పట్టుకెళ్ళింది నేనే.

పై బాల్కనీలోంచి
"వచ్చిందా?" అంటోంది.
ఏప్రన్ కిందికి కడ్డీ జరుపుకుంటూ
ఊఁ అన్నాను,
తలెత్తకుండా.