కంకర

మా రేగటిపర్రులో రాయి పుట్టదు.
గునపం నిలువునా దింపినా నల్లమట్టి,
దాని కింద ఇసక, ఇసక కింద ఉప్పునీళ్ళు.
కాకుల్ని తోలడానికీ మట్టిబెడ్డలే విసిరేవాళ్ళం.

రాయి రైలెక్కి వచ్చింది.
ఎగువనెక్కడో కొండని పగలేసి
వేగన్లలో పోసుకొచ్చి పర్రలో పరిచారట.
మింగింది.
మళ్ళీ పరిచారు, మళ్ళీ మింగింది.
మూడు వానాకాలాలు తిన్నాక
కడుపు నిండింది కాబోలు, పట్టా నిలబడింది.

పట్టా చివర పంచదార మిల్లు,
మిల్లు వెనక క్వార్టర్లు, క్వార్టర్ల వెనక మా పేట,
అన్నిటి మీదా మడ్డి వాసన.
పెళ్ళిచూపులకొచ్చినవాళ్ళు ముక్కు మూసుకునేవారు.
మాకది గాలి.
గడియారం ఇంజినీరుగారింట్లోనే. మిగతా ఊరికి మిల్లు కూత.
మొదటి కూతకి పొయ్యి, రెండో కూతకి కేరేజీ.
వేళకాని వేళ కూస్తే
ఎవరి చెయ్యో రోలర్లలో పడిందని
ఆడవాళ్ళంతా గేటు దాకా పరుగు.

మా నాన్న ఆశీర్వాదం, ఆరో గేంగు.
రేగడి మీద పట్టా ఏటా కుంగేది.
జాకీతో లేపి, కంకర కూరి,
చెవి ఆనించి వినేవాడు.

వానొస్తే అమ్మ గడప ముందు జారి పడేది.
కంకరలో పొరపాటున వచ్చిన పెద్దరాయొకటి
తెచ్చి గడప కింద వేశాడు.
ఇన్‌స్పెక్టరు ట్రాలీ మీంచి చూశాడు.
మూడు రోజుల జీతం కోత.
నాన్నే దాన్ని నెత్తిన పెట్టుకుని
తొమ్మిదో మైలు దగ్గర వేసి వచ్చాడు.
"ఎక్కడి రాయి అక్కడే ఉండాలంట.
మరి కొండనెందుకు కదిపారే?" అన్నాడు అమ్మతో.

చెరుకు పోయి చేపల చెరువులొచ్చాయి.
ఒక జనవరిలో మిల్లు కూయలేదు.
వారం దాకా ఊరికి పొద్దు తెలీలేదు.
పట్టాలు లెక్కపెట్టి తీసుకుపోయారు,
స్లీపర్లు లెక్కపెట్టి, మేకులు లెక్కపెట్టి,
గేటు దగ్గరి ఎర్రదీపానికి సంతకం పెట్టించుకుని మరీ.
కంకరని ఎవరూ లెక్కపెట్టలేదు.

మర్నాటికి తట్టలు, సైకిళ్ళు, రిక్షాలు.
మస్తాను కొట్టుకి పునాది, చర్చికి మెట్లు,
గవర్రాజు పాక చుట్టూ అరుగు.
వానాకాలం చెప్పులు చేత్తో పట్టుకోవడం మానేశాం.

అమ్మ అప్పటికి లేదు.
నేనూ తట్ట తీశాను. నాన్న వద్దన్లేదు, వెంట రాలేదు.
"ఓ పక్కన తెల్లచార ఉంటది" అన్నాడంతే.
తొమ్మిదో మైలు దగ్గర చీకటి పడేదాకా వెతికాను.
తెల్లచారలున్నవి ఏడు దొరికాయి.
ఏడూ మోసుకొచ్చి గడప ముందు దించాను.
ఒక్కోటీ తిప్పి చూశాడు.
ఇది కాదు. ఇదీ కాదు.
ఏడోదాన్ని మటుకు
ఏమీ అనకుండా
కాసేపు ఒళ్ళోనే ఉంచుకున్నాడు.