జమ

కొత్త రైఫిలు ఒళ్లో పెట్టుకుని
కోటిపల్లి రేవులో పంటు ఎక్కాను.
గోనెగుడ్డలో చుట్టినా దాని పొడుగు దాగదు.
చేపల బుట్టావిడ కాళ్లు దగ్గరికి ముడుచుకుంది.
టిక్కెట్లు కొట్టే కుర్రాడు
"చేతికర్రా బాబాయ్?" అన్నాడు.
అవునన్నాను.
అబద్ధమాడినట్టు అనిపించలేదు.

లక్షా పద్నాలుగు వేలు.
రెండు దింపుల కొబ్బరి,
మంగతాయారు ఇచ్చిన ఒక గాజు,
ఇచ్చానని ఆవిడకింకా తెలియని రెండో గాజు.

ఇంట్లో మాటల్లేక పదకొండు రోజులు.
మాటల్లేవు గాని, కేకలున్నాయి.

మా నాన్నది జోడుగొట్టాల తుపాకి.
ఎలక్షన్లకి స్టేషన్లో జమ చెయ్యమన్నారు.
చేశాడు.
ఆ ఏడే గోదారి స్టేషన్లోకొచ్చింది,
రిజిస్టర్లో సంతకం పెట్టకుండా.
నీళ్లు తీశాక గొట్టాల నిండా ఒండ్రు,
ఒండ్రులో ఒక జలగ, బతికే ఉంది.
ఓట్ల లెక్క ఒక్క పూటలో తేలింది.
తుపాకి లెక్క తేలలేదు.
నాన్న అడగడానికి వెళ్లేవాడు, సోమవారం సోమవారం,
ఇస్త్రీ చొక్కా వేసుకుని.
ఆ చొక్కాతోనే సాగనంపాం.

"జమ కాదురా అది, జప్తు" అంటాడు సత్తిరాజు బాబాయి
ఇప్పటికీ, పెరుగన్నం దగ్గర.
"రెండూ జ-తోనే మొదలవుతాయి,
ముగింపు చూసుకోవాలి."
కొనమన్నది ఆయన.
డబ్బులడిగితే చెవుడు వచ్చిందీ ఆయనకే.

అన్నయ్య ఒకటే అన్నాడు, వద్దని.
ఎందుకో చెప్పింది వదిన,
గిన్నెలు తోముతూ, నా వైపు చూడకుండా:
"రొయ్యల చెరువు పోయిన రాత్రి
మా చంటి తాగొచ్చి, ఆ గోడ ముందే
చాలాసేపు నిలబడ్డాడు మరిది గారూ.
మేకు ఖాళీగా ఉంది కాబట్టి
తెల్లారి కాఫీ అడిగాడు."

దానికి నా దగ్గర జవాబు లేదు.
నా దగ్గరున్నవి పందులు.
లంకలో మూడు రాత్రుల్లో అరెకరం కంద తవ్వేశాయి.
డబ్బాలు కొట్టాను, పాత చీరలు కట్టాను,
దీపావళికి మిగిలిన బాంబులు కాల్చాను.
చీర మీదే పడుకుందొకటి, పిల్లలతో.

రైఫిలు తెచ్చిన రాత్రి
ఆకాశంలోకి ఒక్కసారే పేల్చాను.
మోత ఏటికడ్డంగా వెళ్లి
అవతలి గట్టుకి తగిలి
ఆలస్యంగా తిరిగొచ్చింది,
ఊళ్లో ఎవరూ భోజనానికి పిలవని చుట్టంలా.
పందులు వెళ్లాయి.
తెల్లవారుజామున మళ్లీ వచ్చాయి.

ఎనిమిదో రోజున ఫోను, మా శశిరేఖ.
స్టేషన్లో రైటరు తను.
"కోడ్ వచ్చింది నాన్నా. రేపు పదింటికి."
కొనకముందే చెప్పింది ఈ మాట, రెండుసార్లు.
తీసుకుంటారని తెలిసీ కొన్నావా అని
మంగతాయారు అడిగింది, ఖాళీ చెయ్యి చూపిస్తూ.
తెలిసే కొన్నాను.
ఎందుకో ఆవిడకి చెప్పలేకపోయాను.
సోమవారాలు గుర్తొచ్చాయంతే.

బల్లకి అటు ఖాకీలో అమ్మాయి.
ఇటు నేను, ఇస్త్రీ చొక్కాలో.
గొట్టం మీద నంబరు చదివింది, మళ్లీ చదివింది.
"మీ పేరు?"
చెప్పాను.
"తండ్రి పేరు?"
"పేరయ్య."
పెన్ను ఆగింది.
తన భుజాలమీద తిప్పిన మనిషి పేరు
తలకట్టు తప్పకుండా రాసి
రసీదు చింపి నా వైపు జరిపింది.
"ఇక్కడ సంతకం పెట్టండి."
నాన్నా అనలేదు.
నేనూ అమ్మా అనలేదు.

గోడమీద పాత వరద గీత
ఇంకా ఉంది, రెండుసార్లు సున్నం వేసినా.
కింది అరలో చోటుంది.
శశిరేఖ స్టూలు తెచ్చుకుంది,
ఎక్కింది,
గీతకి జానెడు పైన ఉన్న అరలో
రైఫిలుని అడ్డంగా పడుకోబెట్టి
దుమ్ము చేతులు ప్యాంటుకి తుడుచుకుంది.

ఇంటికొచ్చేసరికి వాన.
మేకుకి వదిన గొడుగు తగిలించి ఉంది.
నాకు గొడుగు కావాలి,
లంకకెళ్లాలి.
తియ్యకుండానే వెళ్లాను.