పదమూడో గడి

హోమాబే ఊరి చివర మా బడికి రేకుల కప్పు.
వానొస్తే పాఠం ఆగుతుంది.
పిల్లలు కేకలేస్తారు, సుద్దముక్కలు విసురుకుంటారు.
ఒబుయా మాత్రం బల్ల కిందికి దూరి
రెండు చేతులతో తల పట్టుకుంటాడు,
వదిలేస్తే పగిలిపోతుందన్నట్టు.

తొమ్మిదేళ్ళు. మాట లేదు.
లేదని మేమే రాసుకున్నాం,
రిజిస్టర్లో, ఎర్ర సిరాతో.

జూన్‌లో ట్యాబ్లెట్ ఒకటి వచ్చింది,
అంచు చిరిగిన రబ్బరు తొడుగుతో.
కప్పు మీది సోలార్ పలకకి ఎండ తగిలితేనే మేలుకుంటుంది.
తెర మీద పన్నెండు గడులు, గడికో బొమ్మ.
నీళ్ళు. చేప. ఉగాలి. పాయిఖానా.
కావాలి. దయచేసి. ధన్యవాదాలు.
వాతావరణం పాఠానికి పనికొస్తుందని వాన కూడా.
నేనే ఎంచాను అన్నీ, ఒక ఆదివారం కూర్చుని,
బుద్ధిమంతుడైన పిల్లాడు ఏమేం అడుగుతాడో ఊహించుకుంటూ.

బొమ్మ నొక్కితే ఎవరో ఆవిడ పలికేది,
విమానం బయల్దేరుతోందని చెప్పే గొంతుతో, ఇంగ్లీషులో.
ఒబుయా ఒక్కసారి విన్నాడు.
ట్యాబ్లెట్ తిరగేసి, దాని వీపు తట్టి,
లోపలున్నదెవరా అని వెతికాడు.
మళ్ళీ ముట్టలేదు.

వాళ్ళక్క అవినోది ఏడో తరగతి.
తెల్లారే చేపలు ఎండేసి వస్తుంది,
గోళ్ళలో పొలుసులు ఇంకా మెరుస్తుంటాయి.
"నా గొంతు పెట్టండి టీచర్" అంది.
"వాడు పారిపోని గొంతు నాదొక్కటే."
జొన్నబస్తాల గదిలో తలుపేసుకుని
కోడి కూసినప్పుడల్లా ఆపి, మళ్ళీ మొదలెట్టి,
లువోలో చెప్పింది ఒక్కో మాట.
నీళ్ళకి "పీ". చేపకి "రెచ్". వానకి "కోథ్".
పన్నెండూ అయ్యాక తెర వైపు చూసింది.
"వద్దు ఏదీ?"

ఏ వద్దు?

"కావాలి ఉంది. దయచేసి ఉంది.
వాడు వద్దనాలంటే ఏది నొక్కాలి?"

పదహారేళ్ళ ఉద్యోగం నాది.
కొరికిన చేతులు, విసిరిన పలకలు,
గోడకేసి కొట్టుకున్న నుదురు.
వాటన్నిటికీ నేను వేరే పేర్లు పెట్టి ఉన్నాను.

పదమూడో గడి చేశాం. అడ్డంగా ఊపే చెయ్యి బొమ్మ.
"అదాగి" అంది అవినో, నాకొద్దు అని.
సరిగ్గా అప్పుడే బయట మేక ఒకటి వంత పాడితే
ఫక్కున నవ్వింది.
నవ్వు కూడా గడిలో పడిపోయింది.
కత్తిరించడం నాకు చేతకాలేదు.

సోమవారం ఒబుయా వేలికి ఆ గడి దొరికింది.
అదాగి, నవ్వు.
అదాగి, నవ్వు.
లెక్కల మాస్టారు ఒలాల్ గుమ్మంలోంచి తొంగిచూసి
"ఎవరైనా ఆపండి దాన్ని" అన్నాడు.
నేను నోటుపుస్తకం ముందుకి తోశాను. అదాగి.
కుర్చీ. అదాగి.
ఉగాలి పక్కన ఆకుకూర. అదాగి.
కూర తీసేశాను. ఉగాలంతా తిన్నాడు.
ఆ కూర కోసం మూడేళ్ళు కుస్తీ పట్టాం, వాడూ నేనూ.
వాడి భుజం మీద నా చెయ్యి.
అదాగి.
తీసేశాను.
అప్పుడు చూశాడు, నా కళ్ళలోకి కాదు,
నా చెవిపోగు వైపు, చాలాసేపు.

గురువారం సరస్సు మీంచి వాన లేచింది.
రేకులు మోగాయి.
ఒబుయా బల్ల కిందికి దూరాడు, ఈసారి ట్యాబ్లెట్‌తో సహా.
ఆ హోరులో ఏమీ వినబడలేదు నాకు.
వంగి చూస్తే
నీలి వెలుతుర్లో వేలొకటి
రెండు గడుల మధ్య తిరుగుతోంది.
వాన. వద్దు.
వాన. వద్దు.
ఆకాశానికి చెబుతున్నాడు.
ఆకాశం నాలాంటిదే, వినలేదు.

నేనూ బల్ల కిందికి దూరాను,
మోకాళ్ళు మడుచుకుని, వాడికి జానెడు ఎడంగా.
తెర దగ్గరికి చెవి వంచితే
వద్దు వద్దుకీ చివర
సన్నగా ఒక నవ్వు,
దాని వెనకెక్కడో మేక.