మూడు చుక్కలు

కుటైసిలో మందుల షాపు పైన నా గది.
మెట్లు పద్దెనిమిది. ఎక్కి వచ్చినవాళ్ళు
ముందు ఆయాసం తీర్చుకుంటారు, తర్వాతే పేరు చెబుతారు.
బల్ల మీద త్రాసు, కొలగిన్నె,
గళ్ళ అట్ట నోటుబుక్కు ఒకటి.
వెళ్ళేముందు నాలుగు మాటలు రాయండి,
ఐదింటికి ఎన్ని చుక్కలో మీరే పెట్టండి, అంటాను.
అడగడం సిగ్గే. గది అద్దెకు మాత్రం సిగ్గు లేదు,
ఒకటో తారీఖున అన్ని మెట్లూ ఎక్కి వస్తుంది.

పెళ్ళి గౌను జిప్పు పడిందని దారెజాన్
ఐదు చుక్కలు పెట్టి చుట్టూ పువ్వులు గీసింది.
(ఆ పెళ్ళి విందులోనే మళ్ళీ మూడు కిలోలు.
అది రాయలేదు.)
పద్నాలుగు కిలోలు తగ్గిన బ్యాంకు గుమాస్తా
"పరవాలేదు" అని రాసి
నా పెన్ను పట్టుకుపోయాడు.

తర్వాత ఒతియా.
త్స్కాల్టుబో రూటులో మినీబస్సు.
ఇరవై ఆరేళ్ళుగా ఒకే సీటు,
సీటే ఆయన ఆకారంలోకి వచ్చేసింది.
వేలి కొసన సూది గుచ్చి
ఒక్క చుక్క నెత్తురు చూపిస్తే
మీటరు గాభరాపడింది.
నేను పట్టిక రాసిచ్చాను, అచ్చు గుద్దినట్టు.
రొట్టె వద్దు, ఖచాపురి వద్దు, ద్రాక్ష వద్దు,
మొత్తం పదకొండు వద్దులు.
ఆయన చదివి, నాలుగు మడతలు పెట్టి,
జేబులో వేసుకుని
నోటుబుక్కు ముందుకు లాక్కున్నాడు.
ఒకే చుక్క. దాని కింద:
"నా రొట్టె తీసుకుని కాగితం ఇచ్చింది."

ఆ పేజీ చించుదామని రెండుసార్లు చెయ్యి వేశాను.
చించితే వెనకవైపు దారెజాన్ పువ్వులు పోతాయి.
అందుకే ఆగాను. మంచితనంతో కాదు.

శనివారం చీకటితోనే ఆయన బస్సెక్కాను,
డ్రైవరు పక్క సీటు.
టికెట్టు ఇచ్చాడు. పలకరించలేదు.
వంతెన దాటగానే ఎతేరి బేకరీ.
హారన్ కొట్టకముందే కిటికీలోంచి ఒక చెయ్యి,
చేతిలో పడవలాంటి రొట్టె,
మట్టి పొయ్యి వేడి ఇంకా దాని ఒంటి మీదే ఉంది.
డబ్బులు తీసుకోదు.
మంచు పడ్డ రాత్రి వాళ్ళమ్మను
ఆసుపత్రికి చేర్చిన బండి ఇది.
పదహారేళ్ళుగా ఆ బాకీ
రోజుకో రొట్టె చొప్పున తీరుస్తోంది.

నేను వద్దని రాసింది దేన్నో
ఆ మలుపులో తెలిసింది.

ఒతియా రోడ్డు మీంచి కళ్ళు తీయకుండా
రొట్టె విరిచి సగం నా ఒళ్ళో పెట్టాడు.
తిన్నాను.
నా చదువంతా పక్కన కూర్చుని చూస్తుండగా,
పళ్ళకింద కరకరలాడించుకుంటూ తిన్నాను.

తిరుగు ట్రిప్పులో బేకరీ దగ్గర దిగి
ఎతేరితో చాలాసేపు మాట్లాడాను.
ముతక పిండి, చిన్న ముద్ద, సరేనా?
ఆమె చేతులు దులుపుకుంది.
"రొట్టె సగమైతే బాకీ తీరడానికి
రెట్టింపు ఏళ్ళు పడుతుంది.
ఇంకా మంచిది" అంది.

మిగతావన్నీ చిన్న చిన్న సంగతులు.
డాష్‌బోర్డు మీద ఉడికించిన చిక్కుడుగింజల డబ్బా.
బండి నిండేదాకా సిగరెట్టుకు బదులు
స్నానాల పార్కు చుట్టూ ఒక నడక.
కొన్ని వారాలు అదీ చెయ్యలేదు. తిట్టుకున్నాం.
ద్రాక్షల రోజుల్లో అబద్ధం చెప్పాడు,
మీటరు చెప్పలేదు.

ఎనిమిది నెలలకి ఒకనాడు
పద్దెనిమిది మెట్లూ ఎక్కి వచ్చి
ఆయాసం లేకుండానే పేరు చెప్పాడు,
నాకు తెలియనట్టు.
నోటుబుక్కులో తన పాత పేజీ వెతికి
ఒంటరి చుక్క పక్కన ఇంకో రెండు గీశాడు,
స్టీరింగు అలవాటు చేతితో, వంకరటింకరగా.
"సగం రొట్టె తిరిగి ఇచ్చింది.
మిగతా రెండు చుక్కలూ ఇవ్వను.
ఇచ్చేస్తే మళ్ళీ నా బస్సెక్కదు."

కొత్తవాళ్ళకు ఆయాసం తీరేలోగా
ఆ పేజీయే తెరిచి పెడుతున్నాను.
మూడేనా, అని కొందరు కిందికి దిగిపోతారు.
ఉన్నవాళ్ళని, త్రాసు ఎక్కించకముందే అడుగుతాను:
పొద్దున్నే మీ చేతికి రొట్టె ఎవరిస్తారు?

పెన్నుకు మాత్రం దారం కట్టాను.