నీళ్ళు ఇంకే సమయం

ఫారంలో మొదటి గడి: ప్రస్తుత వినియోగం.
గొర్రెల మేత, అని రాశాను.
రెండో గడి: ప్రతిపాదిత వినియోగం.
అతిథుల కోసం పన్నెండు చెక్క గదులు.
రెండు గడుల మధ్య గీత
వెంట్రుక మందం.

దక్షిణ గాల్వే.
రాయి గడ్డి కప్పుకుని పడుకున్న నేల.
మలకీ ఫాహీ గేటుకి చుట్టిన నీలం తాడు విప్పుతూ
"నేలకి నాడి చూసేది నువ్వేనా?" అన్నాడు.
నేనే అన్నాను.
"జబ్బేదైనా ఉంటే మా మేనల్లుడికి చెప్పు.
గదుల పిచ్చి వాడిది.
నాకు గొర్రెల పిచ్చి ఒక్కటి చాలు."

మూడు గుంతలు తీశాను.
మొదటి దాంట్లో బంకమట్టి.
రెండో దాంట్లో బంకమట్టీ, ఒక గొర్రె దవడ ఎముకా.
మూడో దాంట్లో జానెడు దిగానో లేదో
పార ఠంగుమంది.

నీళ్ళు నింపి గడియారం నొక్కాను.
దాపరికమెందుకు, నా ఉద్యోగం ఇంతే:
నేలకి దాహమెంతో కొలవడం.
అసలు తాగకపోతే పనికిరాదు,
గటగటా తాగేసినా పనికిరాదు.
కొత్త వియ్యపురాలిలా
గుక్క తర్వాత గుక్క, మర్యాదగా
తాగే నేల కావాలి కౌన్సిలుకి.

మొదటి గుంత గంటైనా కదల్లేదు,
ఒక మబ్బుముక్కని ఒళ్ళో పెట్టుకుని కూచుంది.
మలకీ ఫ్లాస్కులోంచి టీ పోశాడు.
వేలు చూపకుండా, గడ్డం మాత్రం అటు తిప్పి
"అది డీలియా లినాన్ ఇల్లు. మాకు మాటల్లేవు."
ఎన్నాళ్ళుగా?
"ఈ గోడ మూడడుగులు ఇటు జరిగిన దగ్గర్నుంచి.
అటు జరిగిందంటుంది ఆవిడ.
ముప్ఫై ఒక్క ఏళ్ళు."
సున్నం లేని, సిమెంటు లేని రాతిగోడ.
సందుల్లోంచి గాలి
ఎవరి పక్షం పట్టకుండా పోతోంది.

మూడో గుంత వైపు తిరిగేసరికి ఖాళీ.
మళ్ళీ నింపాను.
బకెట్టు కింద పెట్టేలోపు ఖాళీ.
మోకాళ్ళ మీద వంగి చెవి ఆనించాను.
లోపల, చాలా లోపల,
చీకట్లో ఎవరో మెట్లు దిగుతున్న చప్పుడు.

సున్నపురాయి.
దాని కడుపునిండా దారులే.

చుట్టుపక్కల బావులున్న ప్రతి ఇంటికీ చీటీ వేసి
మంగళవారం ఆ గుంతలో రంగు పోశాను.
హాని లేనిది, చిలక రెక్క రంగుది.
"ఎక్కడ తేలుతుంది?"
తేలినచోట తెలుస్తుందన్నాను.

గురువారం నేను వెళ్ళేసరికి
గోడ మీద జామ్ సీసా.
సీసా నిండా చిలకపచ్చ నీళ్ళు.
అవతల డీలియా, రబ్బరు బూట్లు, చేతులు కట్టుకుని.
ఇవతల మలకీ, టోపీ చేత్తో పట్టుకుని,
చావు ఇంట్లో నిలబడ్డట్టు.

నాతోనే మాట్లాడుతుందనుకున్నాను.
"మలకీ ఫాహీ, ముప్ఫై ఒక్క ఏళ్ళుగా
నీ గొర్రెల ఉచ్చ తాగుతున్నానన్నమాట."
అతను సీసా వైపు చూశాడు. కుక్క వైపు చూశాడు.
"టీ రుచేమన్నా మారిందా?"
ఆవిడ నవ్వలేదు.
నవ్వకుండా ఉండటానికి చాలా కష్టపడింది.

అనుకూలత అన్న గడిలో: లేదు.
కారణం అన్న గడిలో: నీటి దారి.
మేనల్లుడు ఫింటన్ ఫోన్లో అరిచాడు,
వ్యాను కొన్నాడట, బ్యాంకుకి మాటిచ్చాడట,
గదుల పేర్లు కూడా పెట్టేశాడట, పన్నెండు పక్షుల పేర్లు.
తప్పు నాది కాదు. అయినా విన్నాను.

మలకీ వేరే సంగతి అడిగాడు:
"ఆ గుంత దగ్గరికి గొర్రెలు రాకుండా కంచె వెయ్యాలంటే
ఎంత దూరం?"
చుట్టూ పదిహేను మీటర్లన్నాను.
టేపు కొస గుంత దగ్గర తొక్కిపట్టి
అతణ్ణి నడవమన్నాను.
పన్నెండు దగ్గర గోడ తగిలింది.

"మిగతా మూడూ ఆవిడవి," అన్నాడు,
వినపడేంత గట్టిగా, విననట్టు ఉండగలిగేంత మెల్లగా.

టేపు అలాగే బిగిసి ఉంది.
అటు ఆవిడ, ఇటు అతను
నా వైపే చూస్తున్నారు.

నా ఫారంలో దానికి గడి లేదు.