నడవని బిళ్ళలు

చర్లపల్లి టంకశాల గోడ పక్క నుంచే
ఇరవై తొమ్మిదేండ్లు తిరిగింది నా బస్సు.
గోడ మీది ముళ్లకంచె చూసిన గాని
లోపలి మిషన్ల చప్పుడు ఎన్నడూ వినలే.
నా భుజానున్న తోలు సంచి చప్పుడే అంతుండేది.

ఇప్పుడు ఆ గోడ అవతలి సెట్టు కోసం
కుషాయిగూడల మంచం మీద కూసొని
ఫోన్ గీకుతున్న.
ఇరవై, పది, ఐదు, రెండు, ఒకటి.
అన్నీ కలిపితే ముప్పై ఎనిమిది రూపాయలు,
కొనేటందుకు పదమూడు వందల చిల్లర.
చిల్లర అన్నది మాటకే,
బిళ్ళలు కొననీకి ఒక్క బిళ్ళ పనికిరాలే.

మొదటిసారి ఓటీపీ వచ్చేలోపు స్టాక్ అయిపోయింది.
రెండోసారి పైసలు కట్ అయినయి, ఆర్డర్ పడలే,
తొమ్మిది దినాలు బ్యాంకు చుట్టూ మా తమ్ముడు తిరిగిండు.
మూడోసారి పడ్డది.
పడి రెండు నెలలు ఉలుకు లేదు పలుకు లేదు.

ఇంటికి మూడు కిలోమీటర్లు లేదు టంకశాల.
ఆ పార్సిల్ సికింద్రాబాద్ పోయి
అక్కడ రెండు రాత్రులు నిద్ర చేసి
నేను తిరిగిన తొవ్వలనే తిరిగొచ్చింది.
టికెట్ ఎవరు కొట్టిన్రో.

పోస్ట్‌మన్ జంగయ్య గడపల నిలబడి
"ఇప్పు అక్కా, నేను గూడ చూస్త" అన్నడు.
చూసి, "ఇవి బయట నడుస్తయా?" అన్నడు.

నడుస్తదా!
సర్వీసంతా ఈ ఒక్క మాటే విన్న.
పది బిళ్ళ చేతిల పెడితే చాలు,
నడవదు మేడం, నోటియ్యి.
కిరాణంల నడవదు, పాలబూత్‌ల నడవదు,
నడుస్తదని బ్యాంకోడు బోర్డు పెట్టినా
ఈ ఊర్ల నడవదు.
నా బస్సుల నడిచింది.
లాలాపేట బ్రిడ్జి మీద బస్సు ఆపి
లొల్లి పెట్టుకొని మరీ నడిపించిన.

ఇవి మాత్రం ఒక్క అడుగు నడవలే.
ఎవరి చెమటా అంటలే,
ఏ కొంగు ముడిల రాత్రి గడపలే,
ఏ పోరడూ నోట్లె పెట్టుకొని తన్నులు తినలే.
భూతద్దం పెడితే, సంవత్సరం కింద
నువ్వుగింజంత నక్షత్రం.
ముంబైది వజ్రమట, నోయిడాది చుక్కట,
కలకత్తోళ్లు ఏ గుర్తూ పెట్టరట.
మనూరిది నక్షత్రం.
ఇసొంటియి ఎన్ని లక్షలు అరిగినయో నా బొటనవేలి కింద,
ఒక్కటీ చూడలే.
మెట్టుగూడ వచ్చేలోపు యాభై టికెట్లు కొట్టాలె,
నక్షత్రాలు చూసే తీరికేది?

ముక్కు దగ్గర పెట్టుకున్న. ప్లాస్టిక్ వాసన.
నేను అన్నం కలిపితే
కూరల ఇనుము వాసనొస్తదని
మా ఇంటాయన చెయ్యి కడిగొచ్చినా నమ్మకపోయేది.

రెండు రూపాయల బిళ్ళ దగ్గర చూపు ఆగింది.

మౌలాలి కమాన్ కాడ ఎక్కేటోడు గఫూర్ చాచా.
చేతిల టిఫిన్ డబ్బా, అంగీకి కుట్టుమిషన్ నూనె వాసన.
ఆ దినం చిల్లర లేదు,
టికెట్ వెనక 2 అని రాసి సున్న చుట్టిచ్చిన.
"కల్ దేదేనా బేటీ" అనుకుంట దిగిపోయిండు.
తెల్లారి నాకు ఆఫ్.
ఆ మర్నాడు డిపోల రూటు మార్చిన్రు.
సంచిల ఎక్కువొస్తే మెమో, తక్కువొస్తే జీతంల కోత,
ఆయన రెండు రూపాయలు ఆ రాత్రే లెక్కల కలిసిపోయినయి.
అప్పటి రెండు రూపాయలంటే
సగం దూరం.

మోకాలిచిప్ప అరిగిందన్నడు డాక్టరు.
ఇప్పుడు కమాన్ దాకా గూడ నడవలేను.

"సంతకం పెట్టక్కా, ఇంకా పదిండ్లు తిరగాలె"
అని జంగయ్య తొందరపెడుతుండు.
పెట్టిన. ఆయన పోయిండు.
డబ్బల మడతపెట్టున్న బిల్లు తీసి,
చేతి అలవాటు పోక,
దాని వెనక 2 అని రాసి సున్న చుట్టిన.